క్లబ్‌ను తీసేసే పద్ధతి ముందే రాసిపెట్టండి: ఆస్ట్రేలియన్ రగ్బీ లీగ్ కమిషన్‌కు బహిరంగ లేఖ

ఆస్ట్రేలియన్ రగ్బీ లీగ్ కమిషన్ అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం.

2027లో పెర్త్ బేర్స్, 2028లో పాపువా న్యూగినీ జట్టు చేరితే ఎన్‌ఆర్‌ఎల్‌లో (నేషనల్ రగ్బీ లీగ్, దేశంలో ఈ ఆటకు పై స్థాయి పోటీ) జట్ల సంఖ్య 19కి చేరుతుంది. కొత్త జట్టును తీసుకునేటప్పుడు మీరు స్టేడియం, పెట్టుబడి, ప్రభుత్వ హామీ అన్నీ చూసుకున్నారు. ఉన్న జట్టును బయటికి పంపాల్సి వస్తే ఎవరు పంపొచ్చు, ఏ లెక్క చూసి పంపొచ్చు, ఆ లెక్క తప్పయితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ మూడింటికీ జవాబు నిబంధనల్లోనే, అందరూ చదువుకునేలా ఉండాలన్నది మా విన్నపం. దీని అవసరం ఎంతో చెప్పడానికి సౌత్ సిడ్నీ ర్యాబిటోస్ క్లబ్ చరిత్రను మీ ముందు పెడుతున్నాం.

పరమట్టా, వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ఆటను చూస్తూ పెరుగుతున్నారు. పెద్దవాళ్లకు క్రికెట్ తెలిసినంతగా ఇది తెలియదు. అందుకే తెలుగులో రాస్తున్నాం. మీకు బాగా తెలిసిన సంగతులను కూడా వాళ్ల కోసం కాస్త విడమరచి చెప్తాం, ఓపిక పట్టండి.

రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. బంతి ఉన్న జట్టును ఎదుటి జట్టు ఆరుసార్లు పట్టి ఆపే దాకా బంతి వాళ్లదే, ఆరోసారి పట్టుబడితే చేతులు మారుతుంది. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, దానికి 4 పాయింట్లు. ఆ తర్వాత తన్నే కన్వర్షన్‌కు 2. ఆట నడుస్తుండగానే గోల్ కొయ్యల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్‌కు మామూలుగా 1. పాత స్కోర్లు చదివేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 1983కు ముందు ట్రైకి 3 పాయింట్లే, 1971కు ముందు ఫీల్డ్ గోల్‌కు 2. టాకిల్స్‌కు, అంటే ఇలా పట్టి ఆపడాలకు, పరిమితి అన్నదే 1967లో వచ్చింది. మొదట నాలుగు, 1971 నుంచి ఆరు.

ఈ ఆట రగ్బీ యూనియన్ నుంచి విడిపోయిందే కూలి డబ్బుల గొడవతో. 1907లో అలెక్ బర్డన్ అనే ఆటగాడికి భుజం విరిగింది. పనికి వెళ్లలేని రోజులకు యూనియన్ పరిహారం ఇవ్వలేదు. రోజు కూలీ మీద ఇల్లు గడిచే వాళ్లకు అది సహించరానిదిగా తోచింది. 1908 జనవరి 17న రెడ్‌ఫర్న్ టౌన్ హాల్లో సౌత్ సిడ్నీ క్లబ్ పుట్టింది. ఆ ఏడాది బరిలో దిగిన తొమ్మిది క్లబ్‌లలో గ్లీబ్, న్యూటౌన్, బాల్మెయిన్, ఈస్టర్న్ సబర్బ్స్, వెస్టర్న్ సబర్బ్స్, నార్త్ సిడ్నీ కూడా ఉన్నాయి. ఆ తొమ్మిదిలో ఇప్పటికీ సొంతంగా పై స్థాయిలో ఆడుతున్నవి రెండే: ఈస్టర్న్ సబర్బ్స్ వారసులైన రూస్టర్స్, సౌత్స్ (సౌత్ సిడ్నీ). ఒక్క సీజనూ తప్పకుండా ఆడిన ఘనత రూస్టర్స్‌ది. సౌత్స్‌కు రెండేళ్లు గండి పడింది. ఈ లేఖ ఆ రెండేళ్ల గురించే.

1959 దాకా ఏ పేటలో ఉంటే ఆ క్లబ్‌కే ఆడాలన్న నియమం ఉండేది. రెడ్‌ఫర్న్, వాటర్లూ, అలెగ్జాండ్రియా ప్రాంతాల రైల్వే వర్క్‌షాపుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలే సౌత్స్‌కు ఆటగాళ్లనూ ఇచ్చాయి, ప్రేక్షకులనూ ఇచ్చాయి. రెడ్‌ఫర్న్ ఆదివాసీ సమాజానికీ ఈ క్లబ్‌కూ ఉన్న బంధం తరాల నాటిది. ఎరిక్ సిమ్స్ నుంచి గ్రెగ్ ఇంగ్లిస్ దాకా ఆదివాసీ ఆటగాళ్లు లేకుండా క్లబ్ చరిత్ర రాయలేం. ఒక వ్యాపార సంస్థ తన శాఖను మూసేయడానికీ, ఇలాంటి క్లబ్‌ను పట్టికలోంచి తీసేయడానికీ తేడా ఇక్కడే ఉంది.

మొదటి ఏడాదే టైటిల్ సౌత్స్‌ది: 1908 ఫైనల్లో ఈస్టర్న్ సబర్బ్స్ మీద 14-12. మరుసటి ఏడు ఫైనల్ రోజు ప్రత్యర్థి బాల్మెయిన్ మైదానానికే రాలేదు. తమ ఫైనల్‌ను మరో పెద్ద మ్యాచ్‌కు ముందాటగా పెట్టినందుకు నిరసన అది. రెండు క్లబ్‌లూ ఆడకూడదని అనుకున్నామని బాల్మెయిన్ వాదన. సౌత్స్ వచ్చి, బంతి తన్ని, ఎదురు లేకుండా ట్రై చేసి కప్పు తీసుకుంది. బాల్మెయిన్ వాళ్లు దాన్ని దశాబ్దాల పాటు మరిచిపోలేదు. ఇలాంటి మచ్చలను కూడా దాచకుండా రాస్తేనే అది చరిత్ర అవుతుందని మా నమ్మకం.

1925లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచారు. 1925 నుంచి 1929 దాకా వరసగా ఐదు, 1931, 1932లో మరో రెండు. 1950 నుంచి 1955 మధ్య ఆరు సీజన్లలో ఐదు టైటిళ్లు. ఆ ఐదింటికీ కెప్టెన్, కోచ్ ఒకరే, జాక్ రేనర్. 1955 సీజన్‌ను సౌత్స్ అభిమానులు ఇప్పటికీ అద్భుతమనే అంటారు. సగం సీజన్ గడిచేసరికి ఆశ లేదు, అక్కడి నుంచి వరసగా 11 మ్యాచ్‌లు గెలిచారు. వాటిలో మ్యాన్లీతో ఆడినప్పుడు ఫుల్‌బ్యాక్ క్లైవ్ చర్చిల్‌కు చెయ్యి విరిగింది. అప్పట్లో బదులు ఆటగాడిని దించే వెసులుబాటు లేదు. విరిగిన చేతికి అట్టముక్క ఆధారంగా పెట్టి కట్టు కట్టారు. ఆట చివర్లో స్కోరు సమంగా ఉండగా పక్క గీత దగ్గర నుంచి కన్వర్షన్ తన్ని గెలిపించింది అతనే. గ్రాండ్ ఫైనల్ అతను ఆడలేకపోయాడు. న్యూటౌన్ మీద 12-11తో సౌత్స్ గెలిచింది. ఈనాడు గ్రాండ్ ఫైనల్లో మేటి ఆటగాడికి మీరు ఇచ్చే పతకం ఆ చర్చిల్ పేరు మీదే ఉంది.

1967, 1968, 1970, 1971 టైటిళ్లకు కోచ్ కూడా చర్చిలే. 1970 గ్రాండ్ ఫైనల్లో మ్యాన్లీ మీద 23-12. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే కెప్టెన్ జాన్ సాట్లర్ దవడ విరిగింది. చివరిదాకా మైదానం వీడలేదు. అందరూ ఆ దవడ గురించే చెప్తారు గానీ, స్కోరును విడదీసి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. మూడు ట్రైలకు 9, మూడు గోల్స్‌కు 6, మిగిలిన 8 పాయింట్లూ ఎరిక్ సిమ్స్ తన్నిన నాలుగు ఫీల్డ్ గోల్స్‌వి. ఫీల్డ్ గోల్ అంత చౌకగా దొరుకుతోందనే 1971లో దాని విలువను సగానికి కోశారు. ఒక క్లబ్ ఆడిన తీరు వల్ల ఆట నిబంధనే మారింది.

అంతటి జట్టు ఎందుకు చితికిపోయింది? మైదానంలో ఓడి కాదు. 1956లో న్యూ సౌత్ వేల్స్‌లో సభ్యత్వ క్లబ్‌లకు పోకర్ మెషీన్లు పెట్టుకునే అనుమతి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఫుట్‌బాల్ క్లబ్ (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే రగ్బీ లీగే) వెనుకా ఒక లీగ్స్ క్లబ్, అంటే జట్టుకు అండగా ఉండే సభ్యత్వ క్లబ్, దాని వెనుక ఆ జూదం యంత్రాల రాబడి నిలబడ్డాయి. నగరం పడమటికి విస్తరించింది, అక్కడి లీగ్స్ క్లబ్‌లు బలిశాయి. లోపలి పేటల్లో జనాభా మారింది, ఫ్యాక్టరీలు తగ్గాయి. 1970ల మొదట్లో సౌత్స్ లీగ్స్ క్లబ్ అప్పుల్లో కూరుకుపోయింది. 1972కే రాన్ కూట్ ఈస్టర్న్ సబర్బ్స్‌కు, జాన్ ఓనీల్, రే బ్రానిగన్ మ్యాన్లీకి వెళ్లిపోయారు. ఆ తర్వాత 1989లో లీగ్ దశలో మొదటి స్థానం సాధించిన జట్టే 1990లో అట్టడుగున నిలిచింది. డబ్బు లేని క్లబ్ ఒక మంచి జట్టును తయారు చేసుకోగలదు, నిలబెట్టుకోలేదు.

ఇక 1995. మర్డోక్ మీడియా సంస్థ న్యూస్ లిమిటెడ్ సొంతంగా సూపర్ లీగ్ పెడతానంటూ ఆటగాళ్లతో, క్లబ్‌లతో రాత్రికి రాత్రే ఒప్పందాలు చేసుకుంది. 1997లో ఒకే దేశంలో రెండు పోటీలు నడిచాయి: పాత నిర్వాహకులైన ఏఆర్‌ఎల్ (ఆస్ట్రేలియన్ రగ్బీ లీగ్) పోటీలో 12 జట్లు, సూపర్ లీగ్‌లో 10. ఇటు విజేత న్యూకాజిల్, అటు విజేత బ్రిస్బేన్. ఇద్దరూ నష్టపోయాక 1997 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. కొత్త ఉమ్మడి పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో సగం వాటా ఏఆర్‌ఎల్‌ది, సగం న్యూస్ లిమిటెడ్‌ది. 1998లో 20 జట్లతో మొదలుపెట్టి 2000 నాటికి 14కు కుదించాలని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు.

ఆ 14 అన్న సంఖ్య దగ్గర కాసేపు ఆగండి. ముందు సంఖ్యను తేల్చి, దానికి సరిపడా క్లబ్‌లను కోయడం మొదలుపెట్టారు. గోల్డ్ కోస్ట్, అడిలైడ్ జట్లు 1998తో మూతపడ్డాయి. సెయింట్ జార్జ్, ఇలవారా కలిసిపోయాయి. 1999లో 17 మిగిలాయి. విలీనానికి ఒప్పుకున్న వాళ్లకు డబ్బు, పోటీలో చోటు. ఒప్పుకోని వాళ్లకు మార్కుల పట్టిక. బాల్మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్ కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. నార్త్ సిడ్నీ, మ్యాన్లీ కలిసి నార్తర్న్ ఈగిల్స్ అయ్యాయి. జార్జ్ పిగిన్స్ చైర్మన్‌గా ఉన్న సౌత్స్ ఎవరితోనూ కలవనంది. 1999 అక్టోబర్ 15న సౌత్స్‌కు 2000 సీజన్లో చోటు లేదని ప్రకటించారు.

ఆ పట్టికలో ఏముందో చూడాలి. సొంత మైదానంలో ప్రేక్షకుల సంఖ్య, ఎదుటివాళ్ల మైదానంలో ప్రేక్షకుల సంఖ్య, పోటీలో సాధించిన పాయింట్లు, గేటు వసూళ్లు, స్పాన్సర్‌షిప్, లాభం. చూడ్డానికి ఆరు వేర్వేరు కొలతలు. లోతుగా చూస్తే చాలావరకు ఒకటే కొలత. డబ్బు లేకపోతే ఆటగాళ్లు ఉండరు, పాయింట్లు తగ్గుతాయి. పాయింట్లు తగ్గితే జనం తగ్గుతారు, జనం తగ్గితే గేటు తగ్గుతుంది, గేటు తగ్గితే స్పాన్సర్ వెనక్కి తగ్గుతాడు, లాభం మాయమవుతుంది. మొదటి బలహీనత ఒక్కటే, మార్కులు కోసేది మాత్రం ఐదారు చోట్ల. గేటు వసూళ్లు స్టేడియం అద్దె ఒప్పందాన్ని బట్టి మారతాయి. లాభం వెనుక లీగ్స్ క్లబ్ గ్రాంటు దాగి ఉంటుంది, అంటే పోకర్ మెషీన్ల రాబడిని ఫుట్‌బాల్ సామర్థ్యంగా లెక్కగట్టినట్టు.

మైదానంలో ఫలితం ఏమిటి? 1999 పోటీ పాయింట్ల పట్టికలో 17 జట్లలో సౌత్స్‌ది 12వ స్థానం. మ్యాన్లీ, నార్త్ సిడ్నీ, బాల్మెయిన్, నార్త్ క్వీన్స్‌ల్యాండ్, వెస్టర్న్ సబర్బ్స్ ఐదూ దాని కిందే ఉన్నాయి. ఆ ఐదూ ఏదో ఒక రూపంలో 2000లో ఆడాయి. 20 టైటిళ్లు గెలిచిన క్లబ్ ఆడలేదు.

జనం ఊరుకోలేదు. వేటు పడబోతోందని తెలిసి 1999 అక్టోబర్ 10న సిడ్నీ వీధుల్లో సాగిన ఊరేగింపుకు సుమారు 40,000 మంది వచ్చారని పత్రికలు రాశాయి. 2000 నవంబర్ 12న రెండో ఊరేగింపుకు 80,000 దాకా వచ్చారని అంచనా. ఆ రెండో ఊరేగింపు జరిగిన సమయం గమనించాలి. అప్పటికి కొద్ది రోజుల ముందే, నవంబర్ 3న, ఫెడరల్ కోర్టులో క్లబ్ కేసు ఓడిపోయింది. ఓడిన కేసు కోసం మొదటిసారి కంటే రెట్టింపు జనం కదిలారు. ఆ జనాన్ని కొలిచే గడి మార్కుల పట్టికలో లేదు.

కోర్టు కథను జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే చాలామంది దాన్ని సగమే చెప్తారు. సౌత్స్ వాదన 1974 వాణిజ్య పద్ధతుల చట్టం మీద నిలబడింది. పోటీదారులైన రెండు పక్షాలు కలిసి, ఫలానా వాళ్లకు సేవ అందకుండా చేయాలన్న ఉద్దేశంతో ఒప్పందం రాసుకుంటే అది చెల్లదని 4డి, 45 సెక్షన్లు చెప్పేవి. 14 జట్ల నిబంధన అలాంటిదేనని క్లబ్ వాదించింది. 2001 జూలై 6న ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ 2-1 తేడాతో సౌత్స్ పక్షాన నిలిచింది. 2002 సీజన్‌కు క్లబ్‌ను తిరిగి చేర్చుకున్నారు. సాధారణంగా కథ ఇక్కడ ఆగిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

కానీ న్యూస్ లిమిటెడ్ హైకోర్టుకు వెళ్లింది. (ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు స్థాయి.) 2003 ఆగస్టు 13న హైకోర్టు 4-1 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. 14 జట్ల పోటీ పెట్టుకోవడమే ఆ నిబంధన ఉద్దేశం, ఫలానా క్లబ్‌ను వెలివేయడం కాదని మెజారిటీ అభిప్రాయం. న్యాయమూర్తి కిర్బీ ఒక్కరే విభేదించారు. అప్పటికి సౌత్స్ రెండో సీజన్ ఆడుతోంది. చట్టప్రకారం ఓడిపోయి కూడా క్లబ్ లోపలే ఉండిపోయింది, తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు కాబట్టి. పైగా 2017 సవరణల్లో ఆ 4డి సెక్షన్‌నే చట్టం నుంచి తొలగించారు. రేపు ఇంకో క్లబ్‌కు ఇదే పరిస్థితి వస్తే, సౌత్స్ పట్టుకున్న ఆ చిన్న ఆధారం కూడా చేతికి అందదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 1983 చివర న్యూటౌన్‌ను తప్పించినప్పుడు వెస్టర్న్ సబర్బ్స్‌నూ తప్పించాలనుకున్నారు. ఆ క్లబ్ కోర్టుకు వెళ్లింది. కేసు 1985లో హైకోర్టు దాకా వచ్చింది. లీగ్ నిర్ణయం అణచివేత కాదని, ఆట మేలు కోసం అలాంటి నిర్ణయం తీసుకునే అధికారం లీగ్‌కు ఉందని తీర్పు. అయినా వెస్టర్న్ సబర్బ్స్ ఆడుతూనే ఉంది, 1999 దాకా. రెండుసార్లు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం క్లబ్‌కు రక్షణ లేదని చెప్పింది, రెండుసార్లూ క్లబ్ బతికింది జనం పట్టుదల వల్ల, నిర్వాహకులు వెనక్కి తగ్గడం వల్ల. న్యూటౌన్‌కు, గ్లీబ్‌కు ఆ అదృష్టం లేకపోయింది. 1929తో పై స్థాయి నుంచి వెళ్లిపోయిన గ్లీబ్ మళ్లీ రాలేదు. ఒక క్లబ్ ఉనికి అదృష్టం మీద ఆధారపడకూడదు. కోర్టులు ఇవ్వలేని రక్షణను మీరే ఇవ్వగలరు, నిబంధన రాయడం ద్వారా.

విలీనాల సంగతి చూడండి. నార్త్ సిడ్నీ గాస్ఫర్డ్‌కు మారాలని స్టేడియం కోసం డబ్బు పోసింది. వానలకు పని ఆలస్యమైంది, అప్పు పెరిగింది, విలీనం తప్పలేదు. నార్తర్న్ ఈగిల్స్ మూడు సీజన్లు, 2000 నుంచి 2002 దాకా, నడిచి కూలిపోయింది. 2003లో మ్యాన్లీ సొంత పేరుతో వచ్చేసింది, నార్త్ సిడ్నీ పై స్థాయిలో లేకుండా పోయింది. బేర్స్ అని పిలిచే ఆ నార్త్ సిడ్నీ ఎర్ర నలుపు రంగులు ఇప్పుడు పెర్త్ బేర్స్ మీదుగా తిరిగి వస్తున్నాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. లెక్క బాగా కుదిరిందనుకున్న 14 జట్ల పథకం 2000, 2001 రెండు సీజన్లే నిలిచింది.

తిరిగి వచ్చిన సౌత్స్‌కు దారి సులువు కాలేదు. రెండేళ్లు ఆట లేని క్లబ్‌కు మంచి ఆటగాళ్లు ఎవరూ మిగలరు. 2003, 2004, 2006లో అట్టడుగు స్థానం. 2006 మార్చి 19న సభ్యుల ఓటింగ్ జరిగింది: 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు 75 శాతం వాటాను నటుడు రస్సెల్ క్రో, వ్యాపారి పీటర్ హోమ్స్ ఆ కోర్ట్‌కు ఇవ్వాలా వద్దా. నెగ్గడానికి 75 శాతం ఓట్లు కావాలి, వచ్చినవి 75.8. క్లబ్‌ను కాపాడిన పిగిన్స్ స్వయంగా ఈ అమ్మకాన్ని వ్యతిరేకించారు. ఆయన భయంలో న్యాయం ఉంది. అయినా సభ్యులు 25 శాతం అట్టిపెట్టుకోవడమే ఈ ఒప్పందంలో అన్నిటికన్నా విలువైన అంశమని మేం అనుకుంటాం. 2014 అక్టోబర్ 5న 83,833 మంది ముందు కాంటర్‌బరీని 30-6తో ఓడించి, 43 ఏళ్ల తర్వాత 21వ టైటిల్ గెలిచారు. మొదటి టాకిల్‌లోనే చెంప ఎముక విరిగిన సామ్ బర్జెస్ చివరిదాకా ఆడి చర్చిల్ పతకం అందుకున్నాడు. 1999 మార్కుల పట్టిక ప్రకారం ఆ సాయంత్రం జరగకూడదు.

హైదరాబాద్ పాఠకులకు ఇది పరాయి విషయం కాదు. 2009 ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ను 2012లో బీసీసీఐ రద్దు చేసింది. వేరే యజమానితో, వేరే పేరుతో సన్‌రైజర్స్ వచ్చింది. 2009 టైటిల్ ఇప్పుడు ఎవరి అల్మారాలోనూ లేదు, సన్‌రైజర్స్ ఖాతాలో ఉన్నది 2016 ఒక్కటే. అక్కడ అభిమానికి సభ్యత్వం లేదు, ఓటు లేదు, కాబట్టి అడగడానికి హక్కూ లేదు. రగ్బీ లీగ్ క్లబ్‌లకు ఆ హక్కు 1908 నుంచీ ఉంది. దాన్ని పోగొట్టుకోకుండా చూడమనే మా మనవి.

ఇక నిబంధనలో ఏం రాయాలో చెప్తాం.

జట్ల సంఖ్యను తగ్గించాలని ఎప్పుడు నిర్ణయించినా, ఆ ప్రకటన తర్వాత ఆడే మూడు పూర్తి సీజన్ల అంకెలనే లెక్కలోకి తీసుకోవాలి. వెనక్కి వెళ్లి పాత సీజన్లను తవ్వకూడదు. ఏ కొలతకు ఎన్ని మార్కులో మొదటి రోజే ప్రకటించి, మధ్యలో మార్చకూడదు.

పోటీ పాయింట్లను ఉన్నవి ఉన్నట్టు వాడకూడదు. ఇప్పుడు 17 జట్లు, ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు. అంటే 16 మంది ప్రత్యర్థుల్లో ఎనిమిది మందితోనే రెండేసిసార్లు ఆడతారు. ఆ ఎనిమిది మంది బలమైనవాళ్లా బలహీనులా అన్నది షెడ్యూల్ చేతిలో ఉంది, క్లబ్ చేతిలో లేదు. 18 జట్లయ్యాక 24 మ్యాచ్‌లే ఉంచితే రెండేసిసార్లు ఎదురయ్యేది ఏడుగురే. ఒక్కో ప్రత్యర్థి మీద సగటు ఫలితం తీస్తే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

ప్రేక్షకుల లెక్కలో అమ్మిన టికెట్లు, పంచిన ఉచిత టికెట్లు, గేటు దాటి వచ్చిన మనుషులు మూడింటినీ వేర్వేరుగా చూపాలి. గురువారం రాత్రి మ్యాచ్‌నూ ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌నూ ఒకే తక్కెడలో తూచకూడదు. ఆ సమయాలు టీవీ ఒప్పందం బట్టి పడతాయి. ప్రతి సమయానికీ లీగ్ మొత్తం సగటు తీసి, క్లబ్ ఆ సగటుకు ఎంత పైన, ఎంత కింద ఉందో చూడాలి. గేటు వసూళ్లకు విడిగా మార్కులు వద్దు, అవి ప్రేక్షకుల లెక్కలో ఇప్పటికే ఉన్నాయి. లాభం లెక్కించేటప్పుడు లీగ్స్ క్లబ్ గ్రాంటునూ యజమాని పెట్టుబడినీ పక్కన పెట్టి, ఫుట్‌బాల్ రాబడిని మాత్రమే చూపాలి. ఓటు హక్కున్న సభ్యుల సంఖ్యకూ, సొంత జూనియర్ జట్ల నుంచి పై స్థాయికి ఎదిగిన ఆటగాళ్ల సంఖ్యకూ పట్టికలో చోటివ్వాలి.

అంకెలన్నీ ఆడిట్ చేయించి, అన్ని క్లబ్‌లవీ ఒకే రోజు బయటపెట్టాలి. క్లబ్‌కు అభ్యంతరం ఉంటే 60 రోజుల్లోపు అప్పీలు చేసుకునే వీలుండాలి. వినే ముగ్గురిలో కమిషన్ సభ్యులు గానీ, ప్రసార సంస్థతో, ఏ క్లబ్‌తోనైనా సంబంధం ఉన్నవాళ్లు గానీ ఉండకూడదు. అప్పీలు తేలేదాకా మరుసటి సీజన్ షెడ్యూల్‌లో ఆ క్లబ్ పేరు ఉండాలి. 1999లో సౌత్స్‌ను దెబ్బతీసింది ఇదే. కేసు నడుస్తుండగానే సీజన్ మొదలైపోయింది, ఆటగాళ్లు చెదిరిపోయారు. గెలిచి వచ్చినా జట్టును కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది.

ప్రైవేటు యజమానులున్న ప్రతి క్లబ్‌లో పేరు, రంగులు, చిహ్నం, సొంత నగరం మార్చాలంటే సభ్యుల ఓటు తప్పనిసరి చేయాలి. కొత్తగా చేరే రెండు జట్లతోనే ఇది మొదలుపెట్టొచ్చు, వాటి ఒప్పందాల్లో ఈ షరతు చేర్చడం ఇప్పుడైతే తేలిక.

చివరిగా రికార్డుల విషయం. బాల్మెయిన్ 11 టైటిళ్లు, వెస్టర్న్ సబర్బ్స్ 4, వెస్ట్స్ టైగర్స్ 2005లో గెలిచిన 1. వీటిని మూడు వేర్వేరు వరసల్లోనే ఉంచాలి, కలపకూడదు. నార్త్ సిడ్నీ 1921, 1922లో గెలిచిన రెండు టైటిళ్లు పెర్త్ బేర్స్ పేరు కింద చూపుతారా, నార్త్ సిడ్నీ పేరు కిందే ఉంచుతారా? 2027 మొదటి మ్యాచ్‌కు ముందే రాతపూర్వకంగా తేల్చండి. మా అభిప్రాయం నార్త్ సిడ్నీ కిందే ఉంచి, పెర్త్ వరసలో వారసత్వంగా ప్రస్తావించడం. మూతపడిన ఏ క్లబ్ పేరు, ట్రోఫీలు, పాత కాగితాలు అయినా సభ్యుల ట్రస్టు చేతికే వెళ్లాలి, అప్పులవాళ్లు వేలం వేసుకునే ఆస్తిలో కలవకూడదు.

2012 ఫిబ్రవరిలో ఈ కమిషన్ ఏర్పడి న్యూస్ లిమిటెడ్ తన వాటా వదులుకున్నప్పుడు, ఆట ఇక స్వతంత్రుల చేతిలో ఉంటుందని అభిమానులందరికీ మాట ఇచ్చారు. ఆ మాట మీద నమ్మకంతోనే ఇది రాస్తున్నాం. ముసాయిదా తయారు చేసి క్లబ్ సభ్యులందరికీ పంపండి. అభిప్రాయాలకు 90 రోజులు గడువివ్వండి. 2028 సీజన్ మొదలయ్యేలోపు తుది నిబంధనను ప్రకటించండి. ముసాయిదాను పరమట్టా, బ్లాక్‌టౌన్ ప్రాంతాల భాషల్లో కూడా పెట్టాలనుకుంటే, తెలుగు ప్రతిని మేం రాసి ఇస్తాం.

ఇట్లు,
రగ్బీ లీగ్ అభిమానులైన సిడ్నీ తెలుగువాళ్లు